కారణం తెలిసేదాకా ఆగాలా?

ఇరవై ఏళ్ళుగా నా వృత్తి కంపెనీల డేటాబేసులు సరిచేయడం. బ్యాంకు కానివ్వండి, బీమా కంపెనీ కానివ్వండి, ఆసుపత్రి కానివ్వండి, ఎక్కడికి వెళ్ళినా మనుషుల వివరాలు దాచే టేబుల్ ఒకటి తప్పకుండా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వాటి పక్కనే ఒక్క అక్షరం పట్టే చిన్న గడి. మగ అయితే ఎమ్, ఆడ అయితే ఎఫ్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గడి గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇప్పుడు ఏ ప్రాజెక్టులో చూసినా దాని మీద ఒక గంటసేపు మీటింగు. మూడో అక్షరం పెట్టాలా, ఖాళీగా వదిలే వీలుండాలా, తర్వాత మార్చుకోనివ్వాలా అని రకరకాల వాదనలు. అలాంటి మీటింగుల్లో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. "అసలు ఈ వివరం మనకెందుకు? దీన్ని చూసి మనం తీసుకునే నిర్ణయం ఏమిటి?" మందు మోతాదు రాసే డాక్టరుకు ఆ వివరం కావాలి. కరెంటు బిల్లు పంపేవాడికి అక్కర్లేదు. ఏ నిర్ణయానికీ అవసరం లేని వివరాన్ని అడిగి దాచుకోవడం మా వృత్తిలో మంచి పద్ధతి కాదు.

ఈ ప్రశ్నని డేటాబేసుల బయట కూడా వేసి చూడాలని నాకు ఈ మధ్య అనిపిస్తోంది. మనుషుల లైంగికత మీద, ఆడ, మగ అన్న గుర్తింపు మీద, ఎవరు ఎవరితో జతకడతారన్న దాని మీద నూరేళ్ళకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఆ పరిశోధనల నుంచి మనం ఏం ఆశిస్తున్నాం? ఫలితం ఎటు వస్తే మనం ఏం చేద్దామనుకుంటున్నాం?

ఇలా ఆలోచించడానికి కారణం ఒక మిత్రుడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, మా జిల్లావాడు, అన్నయ్యా అని పిలుస్తాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, చదువయ్యాక మంచి ఉద్యోగంలో చేరింది. పెళ్ళి సంబంధాల మాట ఎత్తేసరికి, తాను ఒక అమ్మాయిని ప్రేమించాననీ, జీవితం ఆమెతోనేననీ చెప్పింది. ఇంట్లో గొడవేమీ జరగలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ తలుపులు వేసుకోలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసే పిల్ల చేయడం మానేసింది. వీళ్ళూ చేయలేదు. అలా నెల గడిచింది.

"తమ్ముడూ, నువ్వు నాలుగు పుస్తకాలు చదివేవాడివి, ఒక్క సంగతి చెప్పు. ఇది పుట్టుకతో వచ్చేదా, మధ్యలో వచ్చేదా? పుట్టుకతో వచ్చేదయితే దేవుడిచ్చిందిలే అనుకుంటాను. మధ్యలో వచ్చేదయితే..." అని ఆగిపోయాడు. కాఫీ తెచ్చిన వదిన ఇంకో ప్రశ్న వేసింది. "నా పెంపకంలో ఎక్కడ లోపం జరిగిందంటావయ్యా?"

జాగ్రత్తగా చూస్తే రెండూ ఒకటే ప్రశ్న. కారణం ఎక్కడుంది? అది మా చేతిలో ఉన్నదా, కాదా? ఈ ప్రశ్నకు శాస్త్రం ఏం చెప్పిందో ముందు చూద్దాం. చెప్పిన దాంతో మనకు ఎంత పని ఉందో తర్వాత చూద్దాం.

ఈ విషయంలో లెక్కలు మొదలుపెట్టినవాడిగా అందరికీ తెలిసిన పేరు ఆల్ఫ్రెడ్ కిన్సీ. ఆయన పుట్టింది 1894లో. బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీలో జంతుశాస్త్రం ప్రొఫెసరు. ఓక్ చెట్ల మీద బుడిపెలు కట్టే ఒక రకం చిన్న కందిరీగలను లక్షల్లో పోగుచేసి, ఏ రెండూ ఒకేలా ఉండవని కొలిచి చూపించినవాడు. 1938లో ఆ యూనివర్సిటీలో దాంపత్యం గురించి పాఠం చెప్పే పని పడింది. విద్యార్థులు అడిగే ప్రశ్నలకు జవాబుల కోసం పుస్తకాలు వెతికితే నీతులు దొరికాయి కానీ లెక్కలు దొరకలేదు. దాంతో కందిరీగల పద్ధతినే మనుషులకు పెట్టాడు. ఆయనా ఆయన బృందమూ కలిసి సుమారు 18 వేల మందిని కూర్చోబెట్టి మాట్లాడారు. 1948లో మగవాళ్ళ మీద, 1953లో ఆడవాళ్ళ మీద పుస్తకాలు వచ్చాయి.

నాకు ఆయన పనిలో రెండు సంగతులు నచ్చుతాయి. మొదటిది గోప్యత. ఎవరేం చెప్పినా సంకేతాల్లో రాసుకునేవారు. ఆ సంకేతాల అర్థం ఇంటర్వ్యూ చేసేవాళ్ళ బుర్రల్లోనే ఉండేది. ఎన్‌క్రిప్షన్ అన్న మాట ఎవరి నోటా లేని రోజుల్లో, తాళంచెవి మనిషి జ్ఞాపకంలో దాచిన పద్ధతి అది. రెండోది గడులు చెరిపేయడం. అటు పూర్తిగా ఒకటి, ఇటు పూర్తిగా ఇంకొకటి అని రెండు గడులు కాకుండా, 0 నుంచి 6 దాకా ఒక కొలబద్ద పెట్టాడు. మనుషులు ఆ రెండు చివర్ల మధ్య రకరకాల చోట్ల ఉన్నారని చూపించాడు.

ఆయన లెక్కల్లో లోపాలూ ఉన్నాయి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న శాంపిల్ కాదది. మాట్లాడడానికి ముందుకొచ్చినవాళ్ళు, జైళ్ళలో ఉన్నవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు ఎక్కువ. 1954లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ తరఫున ముగ్గురు గణాంక శాస్త్రవేత్తలు ఇదే ఎత్తిచూపారు. వాళ్ళలో ఒకరు జాన్ ట్యూకీ. కంప్యూటర్లలో మేం రోజూ వాడే "బిట్" అన్న మాట ఆయన పెట్టిందే. ఇంకా బాధాకరమైన సంగతి, మొదటి పుస్తకంలో పిల్లల గురించి ఇచ్చిన పట్టికల్లో కొన్ని, పిల్లల మీద నేరాలు చేసిన ఒక మనిషి రాసుకున్న రికార్డుల నుంచి తీసుకున్నవి. ఆ అంకెలు ఎంత కచ్చితమైనవన్నది తర్వాతి మాట. అవి పుస్తకంలోకి ఎక్కడమే తప్పు. కొలవడం మొదలుపెట్టినవాడు ఏది కొలవకూడదో మర్చిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

కిన్సీ అంకెల్లో ఒకటి పదేపదే వాడుకలోకి వచ్చింది. 16 నుంచి 55 ఏళ్ళ మధ్య కనీసం మూడేళ్ళపాటు దాదాపు పూర్తిగా స్వలింగ సంబంధాల్లోనే ఉన్న మగవాళ్ళు 10 శాతం అని ఆయన రాశాడు. ఉద్యమాలు ఆ షరతులన్నీ వదిలేసి "పదిమందిలో ఒకరు" అన్న మాటను పట్టుకున్నాయి. 1990లలో షికాగో యూనివర్సిటీ వాళ్ళు సరైన శాంపిల్‌తో మూడున్నర వేల మందిని అడిగితే, తాము స్వలింగ ప్రేమికులమనో, ఉభయ లింగాల వైపూ ఆకర్షణ ఉందనో చెప్పుకున్న మగవాళ్ళు 2.8 శాతం, ఆడవాళ్ళు 1.4 శాతం. ఆ ఫలితాలు 1994లో వచ్చాయి. ట్రాన్స్‌జెండర్ వాళ్ళను కూడా కలుపుకుని గాలప్ సంస్థ వేసిన లెక్క 2012లో 3.5 శాతం, 2024లో 9.3 శాతం. అడిగే ప్రశ్న మారితే, అడిగిన కాలం మారితే, చెప్పుకునే ధైర్యం మారితే అంకె మారుతుంది.

అంకె మారితే న్యాయం కూడా మారాలా? మారాలనుకునేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. మన సుప్రీంకోర్టే ఒకప్పుడు అలా అనుకుంది. స్వలింగ సంపర్కాన్ని నేరం చేసిన 377 సెక్షన్ పరిధిని ఢిల్లీ హైకోర్టు 2009లో తగ్గిస్తే, సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును కొట్టేసింది. అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, దేశ జనాభాలో వీళ్ళు అతి స్వల్ప భాగమన్నది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదాన్ని పక్కన పెట్టింది. హక్కు అనేది తలలు లెక్కపెట్టి ఇచ్చేది కాదు. పదిమందిలో ఒకరికి ఇచ్చే గౌరవం వెయ్యిమందిలో ఒకరికి ఇవ్వనక్కర్లేదంటే, అది గౌరవం కాదు, వోట్ల లెక్క.

లెక్కలతో ఒక మంచిపని మాత్రం తప్పకుండా అవుతుంది. అబద్ధాన్ని తీసేయగలవు. దానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఎవలిన్ హుకర్. ఆవిడ లాస్ ఏంజెలెస్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. ఆవిడ క్లాసులో చదివి తర్వాత స్నేహితుడైన ఒకాయన, "మీరు మమ్మల్ని మనుషులుగా చూశారు, ఇప్పుడు మా గురించి పరిశోధన చేయండి" అన్న అర్థంలో పట్టుబట్టాడు. అప్పటిదాకా స్వలింగ ప్రేమికుల మీద రాసిన వైద్యులు చూసింది ఎవరిని? చికిత్సకు వచ్చినవాళ్ళని, జైళ్ళలో ఉన్నవాళ్ళని. ఇది ఎలా ఉంటుందంటే, మా హెల్ప్‌డెస్క్‌కి వచ్చిన ఫిర్యాదుల్ని మాత్రమే చదివి, కంపెనీలో ఒక్క కంప్యూటరూ పనిచేయట్లేదని రిపోర్టు రాసినట్టు ఉంటుంది. ఫిర్యాదు చేయనివాడు మన లెక్కలోకి రాడు కదా.

హుకర్ చికిత్స కోసం ఎవరి దగ్గరికీ వెళ్ళని 30 మంది స్వలింగ ప్రేమికులను, వయసులో, చదువులో, తెలివితేటల పరీక్షలో వాళ్ళతో సరితూగే ఇంకో 30 మంది మగవాళ్ళను తీసుకున్నారు. అందరికీ సిరా మరకలు చూపించి చెప్పించే రోర్‌షాక్ పరీక్ష లాంటివి పెట్టారు. ఆ జవాబుల్ని, ఎవరివో చెప్పకుండా, ఆ విద్యలో పేరు పొందిన ముగ్గురు నిపుణులకు ఇచ్చారు. ఎవరు ఏ గుంపువాళ్ళో వాళ్ళు పోల్చుకోలేకపోయారు. మానసిక ఆరోగ్యంలో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. ఇది 1957లో అచ్చయింది. 1973 డిసెంబరులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగాల జాబితాలోంచి స్వలింగాసక్తిని తీసేయడానికి వేసిన పునాదుల్లో ఇదొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పని 1990లో చేసింది.

హుకర్ "ఇది ఎందువల్ల వస్తుంది?" అని అడగలేదు. "ఇది రోగమన్న మాట నిజమేనా?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు లేకుండానే రెండో ప్రశ్నకు జవాబు దొరికింది.

మొదటి ప్రశ్న పట్టుకున్నవాళ్ళు ఏం చెప్పారు? 1962లో ఇర్వింగ్ బీబర్ అనే మనోవిశ్లేషకుడు తన బృందంతో కలిసి ఒక పుస్తకం రాశాడు. కొడుకును మరీ దగ్గరగా అంటిపెట్టుకునే తల్లి, దూరంగా ఉండే తండ్రి, ఇదే కారణమన్నాడు. వదిన అడిగిన ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చూశారా? ఆవిడ బీబర్ పేరు విని ఉండదు. కానీ తప్పు తల్లిదేనన్న మాట పుస్తకాల్లోంచి పత్రికల్లోకి, పత్రికల్లోంచి సినిమాల్లోకి, అక్కడినుంచి వంటింట్లోకి వచ్చేసింది. బీబర్ చూసింది కూడా చికిత్సకు వచ్చినవాళ్ళనే. 1993లో డీన్ హేమర్ అనే శాస్త్రవేత్త ఎక్స్ క్రోమోజోములో ఒక భాగాన్ని చూపించి, కొందరు మగవాళ్ళలో దీనికి సంబంధం ఉందన్నాడు. పత్రికలు దానికి "గే జీన్" అని పేరు పెట్టేశాయి. 2019లో దాదాపు అయిదు లక్షల మంది జన్యువులు చూసి ఇంకో పెద్ద బృందం చెప్పిందేమిటంటే, అలాంటి ఒకే ఒక్క జన్యువు లేదు. కొద్ది కొద్దిగా ప్రభావం చూపే చోట్లు ఎన్నో ఉన్నాయి. అన్నీ కలిపినా స్వలింగ సంబంధాలున్న తీరులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 8 నుంచి 25 శాతం దాకా వివరించగలవు. అందులో ఒక మనిషి జన్యువులు చూసి ఆ మనిషి ఎవర్ని ప్రేమిస్తాడో చెప్పే వీలు లేదు.

కాబట్టి అన్నయ్యకు నేనిచ్చిన జవాబు ఇంతే. కావాలని ఎంచుకునేది కాదన్నది చాలావరకు తేలింది. మందులు, బోధలు, భయపెట్టడాలు పెట్టి మార్చబోతే మారదనీ, మనిషి చితికిపోతాడనీ తేలింది. పెంపకంలో లోపమన్న మాటకు ఆధారం లేదు. పుట్టుకలో ఎంత, ఎదుగుదలలో ఎంత అన్న భాగాల లెక్క మాత్రం ఇంకా తేలలేదు. వదినకు పెంపకం మాట వినగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. పుట్టుకతో వచ్చిందన్న మాట ఎందరో తల్లుల గుండెల మీద బరువు దించింది. ఆ మేలును నేను తక్కువ చేయను.

కానీ ఆ మాట మీదే మొత్తం ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో చరిత్రలో ఉంది. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే జర్మన్ వైద్యుడు 1897 నుంచీ స్వలింగ ప్రేమను శిక్షించే చట్టానికి వ్యతిరేకంగా పోరాడాడు. ఆయన వాదం ఒకటే. ఇది పుట్టుకతో వచ్చేది, ప్రకృతి ఇచ్చినదానికి శిక్ష వేయడం అన్యాయం. విజ్ఞానం ద్వారా న్యాయానికి అన్నది ఆయన నమ్మిన సూత్రం. 1919లో బెర్లిన్‌లో లైంగిక శాస్త్రానికి ఒక పరిశోధనాలయం తెరిచాడు. ప్రపంచయాత్రలో భాగంగా 1931లో మన దేశానికీ వచ్చాడు. ఆ పరిశోధనాలయం మీద 1933 మే 6న నాజీ విద్యార్థులు దాడిచేశారు. నాలుగు రోజుల తర్వాత అందులోని పుస్తకాలు నడివీధిలో తగలబెట్టారు.

నాజీలు ఆయన శాస్త్రాన్ని కాదన్నారా? పూర్తిగా కాదనలేదు. పుట్టుకతో వచ్చేదయితే అది జాతికి పట్టిన దోషం, కాబట్టి ఏరివేయాలి అన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అంతకుముందే వియన్నాలో యూజెన్ స్టైనాక్ అనే శాస్త్రవేత్త, కారణం గ్రంథుల్లో ఉంటే గ్రంథినే మారుద్దామని మనుషులకు వృషణాల మార్పిడి శస్త్రచికిత్సలకు దారివేశాడు. 1944లో బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఒక డేనిష్ వైద్యుడు ఖైదీల శరీరాల్లో హార్మోన్ గ్రంథులు కుట్టి చూశాడు. ఇంగ్లండులో, మా విద్యకు మూలపురుషుడైన ఆలన్ ట్యూరింగ్‌ను 1952లో కోర్టు దోషిగా తేల్చింది. జైలా, హార్మోన్ల చికిత్సా అని అడిగింది. ఆయన రెండోది ఒప్పుకున్నాడు. 1954 జూన్ 7న 41 ఏళ్ళకే చనిపోయాడు. క్షమాపత్రం 2013 డిసెంబరులో వచ్చింది. వీళ్ళందరూ కారణం శరీరంలోనే ఉందని నమ్మినవాళ్ళే. ఒకే వాక్యం, "ఇది శరీరంలోనే ఉంది" అన్నది, హిర్ష్‌ఫెల్డ్ చేతిలో కరుణ అయింది. ఇంకొకరి చేతిలో సిరంజి అయింది. వాక్యం మారలేదు, దాని వెనకాల ఉన్న మనసు మారింది.

పోనీ, శరీరంలో లేదు, అంతా పెంపకమే అని నమ్మినవాళ్ళు దయగా ఉన్నారా అంటే అదీ లేదు. కెనడాలోని విన్నిపెగ్‌లో 1965లో కవలలుగా ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఎనిమిది నెలల వయసులో సుంతీ చేస్తుండగా జరిగిన పొరపాటులో ఒకడి అంగం కాలిపోయింది. తల్లిదండ్రులు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో జాన్ మనీ అనే పేరున్న నిపుణుడి దగ్గరికి వెళ్ళారు. మొదటి రెండేళ్ళలో ఎలా పెంచితే అలా ఎదుగుతారు, ఆడపిల్లగా పెంచండి అన్నాడాయన. శస్త్రచికిత్స చేసి, పేరు మార్చి, గౌను తొడిగారు. 1972లో మనీ తన పుస్తకంలో ఇది విజయవంతమైందని రాశాడు. ఆ పుస్తకం పాఠ్యగ్రంథమైంది. ఆ పిల్ల మాత్రం చిన్నప్పటినుంచీ నేనిది కాదు అని తనకు చేతనైన అన్ని విధాలా చెబుతూనే ఉంది. పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి నిజం చెబితే, డేవిడ్ రైమర్ అన్న పేరు పెట్టుకుని మగవాడిగా బతికాడు. మిల్టన్ డైమండ్ అనే శాస్త్రవేత్త ఇంకొక వైద్యుడితో కలిసి 1997లో అసలు సంగతి ప్రచురించాడు. డేవిడ్ 2004 మేలో, 38వ ఏట ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ కథను అందరూ తమతమ వాదాలకు వాడుకుంటారు. చూశారా, ఆడామగా పుట్టుకే అని ఒకరు. చూశారా, మనిషి లోపల తెలిసే గుర్తింపును బయటివాళ్ళు మార్చలేరు అని ఇంకొకరు. నాకు కనిపించేది వేరు. ఒక సిద్ధాంతం రుజువు కావాలన్న తొందరలో, ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పే మాట డేటాగా లెక్కలోకి రాలేదు. మనీ సిద్ధాంతం దానికి పూర్తిగా వ్యతిరేకమైనదే అయినా, ఆ పిల్ల మాట ఎవరూ వినకపోతే జరిగే హాని అంతే ఉండేది. అదే సిద్ధాంతం పట్టుకుని, ఆడో మగో తేల్చలేని శరీరాలతో పుట్టిన పసిబిడ్డలకు ఎన్నో దేశాల్లో కోతలు పెట్టారు. ప్రాణాపాయం లేనప్పుడు అలాంటి శస్త్రచికిత్సలు పసిపిల్లలకు చేయరాదని మద్రాసు హైకోర్టు 2019లో చెప్పింది.

మన దగ్గర లెక్క ఇంకో రూపంలో ఉండేది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ళ పేర్లూ నివాసాలూ రిజిస్టరులో రాయాలి. ఆడవేషంలో వీధిలో కనబడినా, పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం కాగితాల మీద ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టేసింది. వానలు కురవాలని విరాటపర్వం చదివించుకున్న జాతి మనది. బృహన్నల పేరు తెలియని తెలుగువాడు లేడు. కథలో బృహన్నలను మెచ్చుకుంటూ, వీధిలో ఉన్న మనిషిని రిజిస్టరులో రాసుకున్నాం. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి ఆడ, మగ కాక "ఇతరులు" అన్న గడి పెట్టారు. దేశం మొత్తం మీద 4,87,803 మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది అందులో తేలారు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఎవరి గుర్తింపు వారే చెప్పుకునే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. నిజాం రిజిస్టరూ లెక్కే, జనగణనా లెక్కే. పోలీసు కోసం రాసుకునే లెక్క వేరు, రేషను కార్డు కోసం రాసుకునే లెక్క వేరు. అందుకే ఈ వివరం ఎందుకు అన్న ప్రశ్న ముందు వేయాలంటాను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అన్నయ్యే ఆ మాట అన్నాడు. "కారణంతో పనిలేదంటే, ఎవరేం చేసినా సరేననాలా? మంచీ చెడూ ఉండొద్దా?" న్యాయమైన ప్రశ్న. మంచీ చెడూ ఉండాలి. కాకపోతే దాన్ని తేల్చేది కారణం కాదు. కోపం పుట్టుకతో వచ్చినా భార్యను కొట్టడం తప్పే. రేపు ఎవరైనా శాస్త్రవేత్త హింసకు జన్యువు చూపించినా అది ఒప్పు కాదు. అలాగే సంగీతం మీద ప్రేమ పుట్టుకతో రాకుండా ఇరవయ్యో ఏట వచ్చినా అది తప్పు కాదు. చూడవలసినవి రెండు. ఇద్దరూ తెలిసిన వయసులో, ఇష్టపడి, బలవంతం లేకుండా ఒప్పుకున్నారా? ఎవరికైనా హాని జరుగుతోందా? పిల్లల జోలికి పోయేవాడు ఎలా పుట్టినా నేరస్థుడే, ఎందుకంటే అక్కడ ఒప్పుకోలు అన్నది లేదు. కట్నం కోసం వేధించే సంసారం ఆడామగా జంట అయినంత మాత్రాన పవిత్రం కాదు. ఇద్దరమ్మాయిలు ఒకరికొకరు అన్నం వండుకుని, జ్వరం వస్తే మందు వేసి, ఇంటి అప్పు కలిసి కట్టుకుంటుంటే, అందులో చెడు ఎక్కడుందో చూపించాల్సిన బాధ్యత చెడు అన్నవాడిది.

పరువు పోవడం హాని కాదా అని కొందరంటారు. అది హానే, బాధే, నేను కాదనను. ఊళ్ళో అక్కాచెల్లెళ్ళకు ఏం చెప్పాలి, గుంటూరులో ఉన్న పెద్దావిడకు ఎలా చెప్పాలి అన్న బెంగ నిజమైనదే. కానీ ఆ హాని చేసేది పిల్ల కాదు, మాట్లాడే నోళ్ళు. ఒకప్పుడు కులం కాని పెళ్ళి చేసుకున్నా, వితంతువు మళ్ళీ పెళ్ళాడినా ఇదే పరువు పోయేది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, వితంతువు మనసు ఏ కారణాన పెళ్ళి కోరుతుందో పరిశోధన తేలేదాకా ఆగలేదు. ఆమెకు జీవితం ఉందన్నది చాలని అనుకున్నాడు.

అయితే పరిశోధన అక్కర్లేదా? తప్పకుండా కావాలి. జబ్బులు తగ్గించడానికి, ఒంటరితనం, ఆత్మహత్యలు ఎక్కడ ఎక్కువో తెలుసుకోవడానికి, చికిత్స పేరుతో జరిగే మోసాలను బయటపెట్టడానికి, మనిషి అనే ప్రాణి ఎన్ని రకాలుగా ఉంటుందో తెలుసుకోవాలన్న వట్టి కుతూహలానికి కూడా కావాలి. 2023లో ఇండియానా శాసనసభ కిన్సీ పేరుమీద ఉన్న సంస్థకు రాష్ట్రం డబ్బు వాడకూడదని బడ్జెట్‌లో రాసింది. వెలుగు వస్తే ఏం కనిపిస్తుందోనని దీపం ఆర్పేసినట్టుంది అది. నేను వద్దంటున్నది పరిశోధనను కాదు, పరిశోధన ముగిసేదాకా మనిషిని గుమ్మం బయట నిలబెట్టడాన్ని. శాస్త్రం నెమ్మదిగా నడుస్తుంది, అలా నడవడమే దాని ధర్మం. నిన్న చెప్పింది రేపు దిద్దుకుంటుంది. ఆ పిల్ల జీవితం మాత్రం అంత నెమ్మదిగా నడవదు. ఇరవై అయిదో ఏట తల్లి గొంతు వినకుండా గడిపిన నెలను ముప్పై అయిదో ఏట వచ్చే పరిశోధనా పత్రం తిరిగి ఇవ్వలేదు.

హిర్ష్‌ఫెల్డ్ సమాధి ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఉంది. ఆయన సూత్రమే, విజ్ఞానం ద్వారా న్యాయానికి అన్నదే, దాని మీద లాటిన్‌లో చెక్కి ఉంది. గొప్ప మాట, కానీ నడిచే దారి అదొక్కటే కాదు. ఎవలిన్ హుకర్ పరిశోధనకు ముందు ఒక స్నేహం ఉంది. ఆ స్నేహితుడి ఇంటికి వెళ్ళి, అతని మిత్రులతో కూర్చుని, వాళ్ళను తనలాంటి మనుషులుగా చూశాకే, ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న అడగాలని ఆవిడకు తోచింది. ముందు న్యాయంగా చూశారు, తర్వాత నిజం కనబడింది. డేవిడ్ విషయంలో ముందు సిద్ధాంతం వచ్చింది, మనిషి చివరికి మిగిలాడు. ఎదుటివాళ్ళను ముందు మనుషులుగా చూడడానికి ఎవరి అనుమతీ, ఏ ప్రయోగశాల ఫలితమూ అక్కర్లేదు. ఆ పని ఇంట్లో కూర్చుని, ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.